గూగుల్ డెస్క్‌టాప్

గూగుల్ డెస్క్‌టాప్ అనునది వ్యక్తిగత కంప్యూటరులో దాచుకున్న ఫైళ్ళను, ఈ-మెయిళ్ళను, అంతర్జాలంలో చూసిన పేజీలను వాటిలోని పదాల ఆధారంగా వెతికిపెట్టిన ఒక ఉచిత సాఫ్టువేరు. గూగుల్ సంస్థ దీనిని 2004 అక్టోబరు 14న పరీక్షా రూపంలో విడుదల చేసినది. తరువాతి రూపాలలో దీనికి సైడ్‌బార్ అనే పక్కపట్టీ, అందులో ఇమిడే గడియారం, వాతావరణం, వార్తలు వంటి చిన్న చిన్న గాడ్జెట్లు చేరినవి. మొదట విండోస్‌కు మాత్రమే లభించిన ఈ సాఫ్టువేరు 2007లో మాక్, లినక్స్ వ్యవస్థలకు కూడా విస్తరించినది. 2011 సెప్టెంబరు 14న గూగుల్ దీనిని నిలిపివేసినది.

గూగుల్ డెస్క్‌టాప్ జీవితకాలం ఏడు సంవత్సరాల లోపే. అయినప్పటికీ సొంత కంప్యూటరులో వెతకడం అనే పనిని సామాన్య వాడుకరులకు పరిచయం చేసిన సాఫ్టువేర్లలో ఇది ముఖ్యమైనది. ఒక మనిషి రాసినవి, చదివినవి, చూసినవి అన్నీ ఒకేచోట సూచికగా చేరినప్పుడు కలిగే సౌలభ్యాన్నీ, దానితోపాటే వచ్చే ప్రమాదాన్నీ ఇది స్పష్టంగా చూపినది.

నేపథ్యం

2000వ దశకం తొలి సంవత్సరాలలో ఇళ్ళలోని కంప్యూటర్ల హార్డు డిస్కుల పరిమాణం పదుల గిగాబైట్లకు పెరిగినది. ఉత్తరాలు, ఫొటోలు, పాటలు, పాఠాలు, లెక్కల పట్టికలు వేల సంఖ్యలో పేరుకుపోసాగినవి. ఏ ఫైలు ఏ ఫోల్డరులో ఉన్నదో గుర్తుపెట్టుకోవడం కష్టమైనది. విచిత్రమేమనగా, అంతర్జాలంలోని కోట్లాది పేజీలలో కావలసినదానిని సెకను లోపు చూపే సాధనాలు అప్పటికే ఉండగా, ఇంటిలోని కంప్యూటరులో గత నెలలో రాసిన ఉత్తరాన్ని వెతకడానికి నిమిషాలు పట్టేది.

విండోస్ ఎక్స్‌పీలో వెతుకులాటకు ఒక తోడు బొమ్మగా కుక్కపిల్ల కనిపించేది. వాడుకరి ఒక మాట అడిగిన తరువాత ఆ కార్యక్రమం ఫైళ్ళను ఒక్కొక్కటిగా తెరచి చూసుకుంటూ పోయేది. అందువలన ఆలస్యం తప్పేది కాదు. విండోస్‌లో ముందుగానే సూచిక తయారుచేసే సేవ ఒకటి ఉన్నా, ఇళ్ళలో దానిని వాడినవారు తక్కువ.

ఈ లోటును పూరించడానికి 2004లో పలు సంస్థలు ప్రయత్నించినవి. ఆ ఏడాది జులైలో మైక్రోసాఫ్ట్, అవుట్‌లుక్ మెయిళ్ళలో వెతికే లుకౌట్ అనే సాఫ్టువేరును తయారుచేసిన సంస్థను కొనుగోలు చేసినది. ఆగస్టులో కొపెర్నిక్ డెస్క్‌టాప్ సెర్చ్ వెలువడినది. అక్టోబరులో గూగుల్ రంగంలోకి దిగినది. కంప్యూటరుకు ఫొటో తీసినట్లుగా గుర్తుంచుకునే జ్ఞాపకశక్తిని కలిగించే సాధనంగా గూగుల్ దీనిని వర్ణించినది.

విడుదలల క్రమం

* 2004 అక్టోబరు: గూగుల్ డెస్క్‌టాప్ సెర్చ్ పేరుతో తొలి పరీక్షా రూపం. విండోస్ 2000, విండోస్ ఎక్స్‌పీలపై పనిచేసినది. వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ ఫైళ్ళను, అవుట్‌లుక్ మెయిళ్ళను, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులో చూసిన పేజీలను, ఏఓఎల్ సంభాషణలను వెతికేది.
* 2005 మార్చి: 1.0 రూపం. పీడీఎఫ్ ఫైళ్ళు, ఫైర్‌ఫాక్స్ పేజీలు, థండర్‌బర్డ్ మెయిళ్ళు, పాటల, చిత్రాల వివరాలు కూడా వెతుకులాటలో చేరినవి. ఇతర రకాల ఫైళ్ళను చేర్చడానికి బయటి ప్రోగ్రామర్లు అనుబంధాలు రాసుకునే వీలు కలిగినది.
* 2005 మే: కార్యాలయాల కొరకు ప్రత్యేక రూపం.
* 2005 ఆగస్టు: రెండవ రూపం. సైడ్‌బార్ మొదటిసారిగా కనిపించినది.
* 2006 ఫిబ్రవరి: మూడవ రూపం. ఒక కంప్యూటరులోని ఫైళ్ళను మరొక కంప్యూటరు నుండి వెతికే సదుపాయం చేరినది. ఇదే తరువాత పెద్ద వివాదానికి కారణమైనది.
* 2006 మే: నాల్గవ రూపం. గాడ్జెట్లను పక్కపట్టీ నుండి విడదీసి తెరపై కావలసినచోట అమర్చుకునే వీలు కలిగినది.
* 2007 మార్చి: ఐదవ రూపం.
* 2007 ఏప్రిల్: మాక్ రూపం.
* 2007 జూన్: లినక్స్ రూపం.
* 2011 సెప్టెంబరు: నిలిపివేత.

పనిచేసే విధానం

గూగుల్ డెస్క్‌టాప్ వేగానికి కారణం అది ముందుగానే తయారుచేసుకున్న సూచిక. పెద్ద పుస్తకాల చివర ముద్రించే పదసూచికతో దీనిని పోల్చవచ్చును. పుస్తకంలో ఒక మాట ఎక్కడ వచ్చినదో తెలుసుకోవడానికి మొదటి పుట నుండి చదవనవసరం లేదు. చివరనున్న సూచికలో ఆ మాటను చూస్తే పుటల సంఖ్యలు తెలుస్తాయి. కంప్యూటరు సూచికలో పుటల సంఖ్యలకు బదులుగా ఫైళ్ళ చిరునామాలు ఉంటాయి.

ఉదాహరణకు ఒక కంప్యూటరులో మూడు ఫైళ్ళు ఉన్నాయనుకొనవచ్చును. మొదటిది పాఠశాలకు రాసిన ఉత్తరం, రెండవది పాఠ్య ప్రణాళిక, మూడవది ఇంటి ఖర్చుల పద్దు. "పరీక్ష" అనే మాట ఒకటవ, రెండవ ఫైళ్ళలో ఉన్నది. "రుసుము" అనే మాట ఒకటవ, మూడవ ఫైళ్ళలో ఉన్నది. సూచికలో ఈ రెండు మాటలకు ఎదురుగా ఆయా ఫైళ్ళ అంకెలు నమోదై ఉంటాయి. వాడుకరి "పరీక్ష రుసుము" అని వెతికినప్పుడు సాఫ్టువేరు ఫైళ్ళను తెరవదు. రెండు జాబితాలకూ సామాన్యంగా ఉన్న అంకెను మాత్రం చూస్తుంది. అది ఒకటవ ఫైలు. ఫైళ్ళు మూడు కాక ముప్పై వేలున్నా పని ఇంచుమించు ఇదే కనుక జవాబు వెంటనే వస్తుంది.

సాఫ్టువేరును అమర్చిన వెంటనే తొలి సూచిక తయారీ మొదలయ్యేది. వాడుకరి పనికి అడ్డు రాకుండా, కంప్యూటరు 30 సెకన్లపాటు ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే ఈ పని సాగేది. అందువలన ఫైళ్ళు ఎక్కువగా ఉన్నచోట తొలి సూచిక పూర్తి కావడానికి గంటల కొలది సమయం పట్టేది. ఈ తొలి విడతలో ఒక్కొక్క డ్రైవుకు 1,00,000 ఫైళ్ళ పరిమితి ఉండేది. ఆ తరువాత కొత్తగా వచ్చిన, తెరచిన, లేదా చోటు మారిన ఫైళ్ళు ఎప్పటికప్పుడు సూచికలో చేరేవి.

ఫలితాలు చూపడానికి ఈ సాఫ్టువేరు వాడుకరి కంప్యూటరులోనే ఒక చిన్న వెబ్ సర్వరును నడిపేది. ఫలితాల పేజీ బ్రౌజరులో తెరుచుకుని అచ్చంగా గూగుల్ వెతుకులాట పేజీ వలెనే కనిపించేది. దీనివలన ఇదంతా అంతర్జాలంలో కనిపిస్తున్నదని కొందరు భ్రమపడేవారు. వాస్తవానికి సాధారణ వాడకంలో సూచిక వాడుకరి హార్డు డిస్కులోనే ఉండేది.

సూచికతోపాటు, చూసిన ఫైళ్ళ, పేజీల పాఠ్యం నకళ్ళను కూడా ఈ సాఫ్టువేరు దాచేది. ఒక పత్రాన్ని పలుమార్లు మార్చి రాసినట్లయితే పాత నకళ్ళు కూడా దొరికేవి. పొరపాటున చెరిపివేసిన వ్యాసంలోని పాఠ్యాన్ని ఈ నకలు నుండి తిరిగి పొందే అవకాశం ఉండేది. అదే కారణం చేత, కావాలని చెరిపివేసిన పత్రం కూడా పూర్తిగా పోయేది కాదు.

వెతికే పద్ధతులు

కంట్రోల్ మీటను వెంటవెంట రెండుసార్లు నొక్కితే తెర మధ్యన వెతికే పెట్టె తెరుచుకునేది. కొన్ని అక్షరాలు టైపు చేయగానే సరిపోలిన ఫైళ్ళు, ప్రోగ్రాముల పేర్లు కింద వరుసగా కనిపించేవి. కొటేషను గుర్తుల మధ్య రాసిన మాటలను అదే వరుసలో వెతికేది. మాట ముందు మైనస్ గుర్తు పెడితే ఆ మాట ఉన్న ఫైళ్ళను వదలివేసేది. ఫైలు రకాన్ని, మెయిలు పంపినవారి పేరును, విషయాన్ని విడిగా పేర్కొని కూడా వెతకవచ్చును. ఏ రోజున ఏయే ఫైళ్ళు, పేజీలు తెరచినదీ తేదీల వారీగా చూపే కాలపట్టిక మరొక సదుపాయం.

ఫైలు పేరు గుర్తులేకపోయినా అందులోని ఒక మాట గుర్తుంటే చాలుననేది ఈ పద్ధతిలోని ప్రధాన లాభం. అయితే ఇది మొత్తం మాటలను మాత్రమే పోల్చేది. మాటలోని కొంత భాగాన్ని ఇచ్చి ఫైలు లోపలి పాఠ్యాన్ని వెతకడం సాధ్యమయ్యేది కాదు.

సైడ్‌బార్, గాడ్జెట్లు

తెరకు ఒక పక్కన నిలువుగా అమరే పట్టీని సైడ్‌బార్ అనేవారు. ఇందులో గడియారం, వాతావరణం, వార్తాశీర్షికలు, కొత్త మెయిళ్ళు, ఫొటోల ప్రదర్శన, చిన్న గమనికలు రాసుకునే పలక, చేయవలసిన పనుల జాబితా మొదలైనవి ఉండేవి. వీటినే గాడ్జెట్లు అనేవారు. ఒకే చిన్న పనిని చేస్తూ, ఎల్లప్పుడూ తెరపై కనిపిస్తూ ఉండటం వీటి లక్షణం. ఇతర సంస్థలు ఇటువంటి వాటినే విడ్జెట్లు అని పిలిచినవి.

ఈ ఆలోచన గూగుల్‌తో మొదలైనది కాదు. 2003లో మాక్ కంప్యూటర్ల కొరకు కాన్‌ఫాబ్యులేటర్ అనే సాఫ్టువేరు వెలువడినది. 2005 జులైలో యాహూ దానిని కొనుగోలు చేసి యాహూ విడ్జెట్లుగా మార్చినది. అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఆపిల్ సంస్థ మాక్ ఓఎస్ టైగర్‌లో డ్యాష్‌బోర్డు అనే విడ్జెట్ల తెరను చేర్చినది. 2007 జనవరిలో సామాన్య వినియోగదారులకు విడుదలైన విండోస్ విస్టాలోనూ ఒక సైడ్‌బార్, గాడ్జెట్లు ఉండినవి.

గూగుల్ గాడ్జెట్లను ఎక్స్‌ఎంఎల్, జావాస్క్రిప్ట్‌లతో రాసేవారు. వెబ్ పేజీలు తయారుచేయడం తెలిసినవారు కొద్ది శ్రమతో సొంత గాడ్జెట్ రాసుకోగలిగేవారు. దీనివలన గాడ్జెట్ల సంఖ్య త్వరగా పెరిగినది. 2008లో లినక్స్ కొరకు గాడ్జెట్లను నడిపే సాఫ్టువేరును గూగుల్ స్వేచ్ఛా మూలంతో విడుదల చేసినది.

గాడ్జెట్లకు కొన్ని ఇబ్బందులు కూడా ఉండినవి. ప్రతి గాడ్జెట్ కొంత మెమరీని వాడుకునేది. మెమరీ తక్కువగా ఉన్న కంప్యూటర్లలో నాలుగైదు గాడ్జెట్లు నడుస్తూ, వెనుక సూచిక తయారవుతూ ఉంటే మిగిలిన పనులు నెమ్మదించేవి. వార్తలు, వాతావరణం వంటివి తరచుగా అంతర్జాలంతో సంబంధం పెట్టుకోవలసి ఉండగా, డయలప్ కనెక్షను ఉన్న ఇళ్ళలో వాటి ప్రయోజనం పరిమితమే. అన్నిటికన్న ముఖ్యంగా, గాడ్జెట్ అంటే బొమ్మ కాదు, కంప్యూటరులో నడిచే ఒక ప్రోగ్రాము. తెలియనివారు రాసిన గాడ్జెట్‌ను అమర్చుకోవడం తెలియనివారి ప్రోగ్రామును అమర్చుకోవడంతో సమానం.

ఇంటి కంప్యూటరులో వినియోగం

2000వ దశకంలో చాలా ఇళ్ళలో ఒకే కంప్యూటరును ఇంటిల్లిపాదీ వాడేవారు. తరచుగా అందరూ ఒకే ఖాతాతో ప్రవేశించేవారు. అట్టి కంప్యూటరులో ఈ సాఫ్టువేరును అమర్చితే తండ్రి మెయిళ్ళు, కుమార్తె సంభాషణలు, తాతగారి ఆరోగ్య నివేదికలు అన్నీ ఒకే సూచికలో చేరేవి. ఎవరో ఒక మాట వెతికినప్పుడు మరొకరి ఉత్తరం తెరపైకి రావడానికి దొంగచూపు అవసరం లేదు. ఎవరి ఖాతా వారికి ఏర్పాటు చేసుకోవడం దీనికి సరైన పరిష్కారం.

ఊళ్ళలోని నెట్ సెంటర్ల వంటి చోట్ల ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఒకరు చూసి మూసివేసిన పేజీ నకలు, తరువాత ఆ కుర్చీలో కూర్చున్నవారికి దొరికే అవకాశం ఉండేది. ఈ కారణం చేత పదిమంది వాడే కంప్యూటర్లలో ఇటువంటి సాఫ్టువేరు తగదని నిపుణులు హెచ్చరించినారు.

సాఫ్టువేరులో దీనికి కొన్ని జాగ్రత్తలు ఉండినవి. వాటిలో ముఖ్యమైనవి:

* ఏ రకం ఫైళ్ళను చేర్చాలో, వేటిని వదలాలో వాడుకరి నిర్ణయించుకోవచ్చును.
* కొన్ని ఫోల్డర్లను, వెబ్‌సైట్లను పూర్తిగా మినహాయించవచ్చును.
* బ్యాంకులు వాడే భద్రమైన పేజీలను, సంకేతపదంతో మూసిన పత్రాలను చేర్చకుండా ఆపవచ్చును.
* సూచిక తయారీని కొంతసేపు నిలిపి ఉంచవచ్చును.
* ఫలితాలలో కనిపించిన అంశాన్ని సూచిక నుండి తొలగించవచ్చును. అసలు ఫైలు మాత్రం అలాగే ఉంటుంది.

ఈ ఎంపికలను సాఫ్టువేరు అమర్చిన రోజుననే, సూచిక తయారు కాకముందే సరిచూసుకోవడం అవసరం. సూచికలో చేరిన తరువాత తీసివేయడం కన్నా చేరకుండా చూడటం సులభం.

గోప్యత, భద్రత

గూగుల్ డెస్క్‌టాప్ చరిత్రలో ఎక్కువ చర్చ జరిగినది ఈ విషయంపైననే.

2004 డిసెంబరులో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక లోపాన్ని బయటపెట్టినారు. గూగుల్ వెబ్‌సైటులో వెతికినప్పుడు, వాడుకరి సొంత ఫైళ్ళ నుండి వచ్చిన ఫలితాలు కూడా అదే పేజీలో కలిసి కనిపించేవి. ఈ కలయికను ఆసరా చేసుకుని, దురుద్దేశంతో తయారుచేసిన ఒక వెబ్ పేజీ వాడుకరి ఫైళ్ళలోని వాక్య భాగాలను చదవగలదని వారు నిరూపించినారు. గూగుల్ ఆ లోపాన్ని సవరించినది. 2007 ఫిబ్రవరిలో వాచ్‌ఫైర్ అనే సంస్థ ఇటువంటిదే మరొక లోపాన్ని వెల్లడించగా దానినీ సవరించినారు. రెండు సందర్భాలలోనూ మూలకారణం ఒక్కటే. ఇంటిలోపలి సమాచారానికి, బయటి అంతర్జాలానికి మధ్యనున్న గోడలో తలుపు పెట్టినప్పుడు ఆ తలుపు గుండా ఎవరు రాగలరన్నది ప్రశ్న అవుతుంది.

అన్నిటికన్న పెద్ద వివాదం 2006 ఫిబ్రవరి 9న విడుదలైన మూడవ రూపంతో వచ్చినది. కార్యాలయంలోని కంప్యూటరు నుండి ఇంటి కంప్యూటరులోని ఫైళ్ళను వెతికే సదుపాయం ఇందులో ఉన్నది. దీనిని వాడుకరి కోరి ఎంచుకుంటేనే పనిచేసేది. అయితే అలా ఎంచుకున్నప్పుడు ఫైళ్ళ పాఠ్యం నకలు గూగుల్ సర్వర్లకు చేరి, అక్కడ 30 రోజుల వరకు ఉండవచ్చును. అమెరికాలోని పౌరహక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఈ సదుపాయాన్ని వాడవద్దని విడుదలైన రోజునే ప్రజలను కోరినది. ఇంటిలోని కంప్యూటరులో ఉన్న పత్రానికి అమెరికా చట్టం ఇచ్చే రక్షణ, ఒక సంస్థ సర్వరులో ఉన్న నకలుకు అంతగా లేదన్నది ఆ సంస్థ వాదన. పోలీసులు ఇంటిలో సోదా చేయాలంటే న్యాయమూర్తి ఇచ్చే వారంటు కావాలి. సర్వరులోని నకలును అంతకంటె తేలికైన ఉత్తరువుతో రప్పించుకోవచ్చునని వారు ఆందోళన వెలిబుచ్చినారు.

ఈ వాదన ఒక సాఫ్టువేరుకు మాత్రమే పరిమితమైనది కాదు. పత్రం ఎవరిది అన్నదానితోపాటు, దాని నకలు ఎక్కడ ఉన్నది అన్న ప్రశ్న కూడా ముఖ్యమని సామాన్య వాడుకరులకు దీనివలన తెలిసినది.

పోటీ, న్యాయ వివాదం

గూగుల్ అడుగు పెట్టిన కొద్ది వారాలకే పోటీ తీవ్రమైనది. 2004 డిసెంబరులో మైక్రోసాఫ్ట్, ఆస్క్ జీవ్స్ సంస్థలు, 2005 జనవరిలో యాహూ తమ తమ డెస్క్‌టాప్ సెర్చ్ సాఫ్టువేర్లను విడుదల చేసినవి. యాహూ సాఫ్టువేరు ఎక్స్1 అనే సంస్థ సాంకేతికతపై ఆధారపడినది. 2005 ఏప్రిల్‌లో ఆపిల్ తన మాక్ ఓఎస్ టైగర్‌లో స్పాట్‌లైట్‌ను అంతర్భాగం చేసినది. లినక్స్‌లో బీగిల్ అనే స్వేచ్ఛా సాఫ్టువేరు ఉండినది.

2006 మే నెలలో గూగుల్, డెల్ సంస్థల మధ్య ఒప్పందం వెల్లడైనది. దీని ప్రకారం డెల్ కంప్యూటర్లలో గూగుల్ డెస్క్‌టాప్ ముందుగానే అమర్చబడి వచ్చేది.

విండోస్ విస్టాలో వెతుకులాట ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే కలిసిపోయినది. దీనివలన ఇతర సంస్థల సాఫ్టువేర్లకు చోటు లేకుండా పోతున్నదని గూగుల్ అమెరికా న్యాయశాఖకు ఫిర్యాదు చేసినది. 2007 జూన్‌లో మైక్రోసాఫ్ట్ కొన్ని మార్పులకు అంగీకరించినది. వాడుకరి తనకు నచ్చిన డెస్క్‌టాప్ సెర్చ్ సాఫ్టువేరును ప్రధానంగా ఎంచుకునే వీలును విస్టా మొదటి సర్వీసు ప్యాకులో కల్పించినది. ఆ ప్యాకు 2008లో విడుదలైనది.

తెలుగు పాఠ్యంలో వెతుకులాట

సూచిక అక్షరాలను చూడదు, అక్షరాలకు కేటాయించిన సంఖ్యలను చూస్తుంది. తెలుగు ఫైళ్ళ విషయంలో ఈ తేడా చాలా ముఖ్యమైనది. ఇది గూగుల్ డెస్క్‌టాప్‌కే కాక పాఠ్య సూచికపై ఆధారపడే అన్ని సాధనాలకు వర్తిస్తుంది.

యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు గల ప్రత్యేక విభాగం 1991 నుండి ఉన్నది. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో తెలుగు కనిపించే ఏర్పాటు వచ్చినది. అయితే అంతకు ముందు, ఆ తరువాత కూడా చాలాకాలం అచ్చు పనులకు, పత్రికలకు అను ఫాంట్ల వంటి సొంత పద్ధతులను వాడినారు. వీటిలో తెలుగు అక్షరం బొమ్మ ఆంగ్ల అక్షరాల సంఖ్యా స్థానంలో కూర్చునేది. తెరపై "రైతు" అని కనిపించినా కంప్యూటరు దృష్టిలో అది అర్థంలేని ఆంగ్ల అక్షరాల గుంపు. యూనికోడ్‌లో "రైతు" అని టైపు చేసి వెతికితే ఆ ఫైలు దొరకదు. ఫైలు పోలేదు, సూచికలో చేరకుండానూ పోలేదు. చేరినది వేరొక రూపంలో.

ఆంగ్ల లిపిలో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిదీ ఇటువంటి స్థితియే. ఇది కూడా పైన పేర్కొన్న రైస్ విశ్వవిద్యాలయంలోనే పుట్టినది. అందులో రాసి దాచుకున్న ఉత్తరాలను ఆ ఆంగ్ల అక్షరాలతోనే వెతకవలసి ఉంటుంది. పాత ఫాంట్లలోని పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు తరువాత వచ్చినవి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు అనుబంధంగా వచ్చిన పద్మ వాటిలో ఒకటి.

యూనికోడ్‌లో ఉన్న పాఠ్యానికి కూడా కొన్ని చిక్కులు ఉన్నవి:

* విభక్తులు: "ఊరు" అనే మాట వాక్యంలో ఊరి, ఊరికి, ఊరిలో, ఊళ్ళు, ఊళ్ళలో అని రూపం మారుతుంది. మొత్తం మాటలను మాత్రమే పోల్చే సూచికలో "ఊరు" అని వెతికితే మిగిలినవి రావు.
* సంధులు: రెండు మాటలు కలిసి ఒకటిగా రాసినప్పుడు సూచికలో అది మూడవ మాటగా చేరుతుంది. "రామాలయం"లో "ఆలయం" దొరకదు.
* వర్ణక్రమం: సాఫ్టువేరు, సాఫ్ట్‌వేర్ అని ఒకే మాటను పలు విధాలుగా రాయడం వాడుకలో ఉన్నది.
* కనిపించని గుర్తులు: పొల్లు అక్షరం తరువాత అక్షరంతో కలవకుండా ఉంచడానికి వాడే గుర్తు తెరపై కనిపించదు. దానిని లెక్కలోకి తీసుకునే సూచికలో ఆ గుర్తు ఉన్న మాట, లేని మాట వేరువేరు.
* బొమ్మలు: పుస్తకాల పుటలను స్కాను చేసి దాచిన ఫైళ్ళలో పాఠ్యం ఉండదు, బొమ్మ మాత్రమే ఉంటుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలోని తెలుగు పుస్తకాలు ఈ విధమైనవే. బొమ్మ నుండి అక్షరాలను గుర్తించే సాధనంతో పాఠ్యంగా మార్చిన తరువాతనే వీటిలో వెతకవచ్చును.

ఇరవై ఏళ్ళ క్రితం పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగు వ్యాసాలు, కుటుంబ చరిత్రలు, పాఠాలు నేటికీ అనేకుల కంప్యూటర్లలో ఉన్నవి. ఆ ఫాంట్లు దొరకనినాడు అవి వెతకడానికే కాక చదవడానికి కూడా వీలుకాకుండా పోగలవు. అందువలన వాటిని యూనికోడ్‌లోకి మార్చి ఉంచుకోవడం మేలు.

నిలిపివేత

2011 సెప్టెంబరు 2న గూగుల్ తన పలు సేవలను ముగిస్తున్నట్లు ప్రకటించినది. అందులో గూగుల్ డెస్క్‌టాప్ ఒకటి. సెప్టెంబరు 14 నుండి దిగుమతి చేసుకునే వీలును, సవరణలను ఆపివేసినది. వాడుకరుల సమాచారం సొంత కంప్యూటరు నుండి అంతర్జాలంలోని సర్వర్లకు తరలిపోతున్నదని, ఆపరేటింగ్ సిస్టమ్‌లలోనే వెతుకులాట, గాడ్జెట్లు చేరినవని గూగుల్ కారణాలు చెప్పినది.

విడ్జెట్లు కూడా ఇంచుమించు అదే కాలంలో తెరమరుగైనవి. యాహూ విడ్జెట్లు 2012 ఏప్రిల్‌లో ముగిసినవి. 2012 జులైలో మైక్రోసాఫ్ట్ భద్రతా లోపాల కారణంగా విస్టా, విండోస్ 7లలోని సైడ్‌బార్‌ను, గాడ్జెట్లను ఆపివేయవలసినదిగా వాడుకరులకు సూచించినది. విండోస్ 8లో అవి లేవు. ఆపిల్ డ్యాష్‌బోర్డు 2019లో మాక్ ఓఎస్ కాటలీనాతో తొలగిపోయినది. 2021లో వచ్చిన విండోస్ 11లో విడ్జెట్లు మరొక రూపంలో తిరిగి వచ్చినవి.

తరువాతి సాధనాలు

నేడు విండోస్ సెర్చ్, మాక్‌లో స్పాట్‌లైట్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో భాగంగానే లభిస్తున్నవి. విండోస్‌లో ఫైళ్ళ పేర్లను అతివేగంగా వెతికే ఎవ్రీథింగ్, ఫైలు లోపలి పాఠ్యాన్ని వెతికే స్వేచ్ఛా సాఫ్టువేర్లు రికాల్, డాక్‌ఫెచర్ మొదలైనవి కూడా వాడుకలో ఉన్నవి. ఇందులోని రికాల్ లినక్స్ వాడుకరులకు పరిచితమైనది.

2024 మే నెలలో మైక్రోసాఫ్ట్ విండోస్ 11 కొరకు ఒక కొత్త సదుపాయాన్ని ప్రకటించినది. ఉచ్చారణలో పై స్వేచ్ఛా సాఫ్టువేరును పోలిన పేరే అయినా దానితో దీనికి సంబంధం లేదు. ఇది కొద్ది క్షణాలకు ఒకసారి తెరను బొమ్మ తీసి, ఆ బొమ్మలలోని పాఠ్యాన్ని సూచికగా మార్చి, తరువాత వెతకడానికి వీలు కల్పిస్తుంది. దీనిని కూడా ఫొటో వంటి జ్ఞాపకశక్తిగానే వర్ణించినారు. ఈసారి కూడా గోప్యతపై విమర్శలు వచ్చినవి. తత్ఫలితంగా విడుదలను వాయిదా వేసి, వాడుకరి కోరితేనే పనిచేసేటట్లు, సూచికను రహస్య లిపిలో దాచేటట్లు మార్పులు చేసినారు. 2025 ఏప్రిల్‌లో ఇది కొన్ని రకాల కంప్యూటర్లకు అందుబాటులోకి వచ్చినది. 2004లో గూగుల్ డెస్క్‌టాప్ విషయంలో తలెత్తిన ప్రశ్నలే ఇరవై ఏళ్ళ తరువాత మరల తలెత్తినవి: సూచికలో ఏమి చేరుతున్నది, దానిని ఎవరు చూడగలరు, చెరిపినది నిజంగా చెరిగిపోతున్నదా.

ఇవి కూడా చూడండి

* గూగుల్
* యూనికోడ్
* విండోస్ విస్టా
* ఆపరేటింగ్ సిస్టమ్
* తెలుగు ఫాంట్లు